కీలు మీద స్టిక్కర్

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాటను మా ఇంట్లో తిట్టులా వాడతారు, నేను బిరుదులా తీసుకుంటాను. పాలవాడు పాలు పోస్తుంటే నేను పాలను చూడను, వాడి మొహం చూస్తాను. ఎవరైనా పిలిచి మరీ మర్యాద చేస్తే ఆ పూట నాకు అన్నం సహించదు. అలాంటిదాన్ని వెంటబెట్టుకుని ఇనుప పంజా బేరానికి పోతే ఏమవుతుందో మా తమ్ముడు ముందే ఆలోచించుకోవలసింది.

మహబూబాబాద్‌లో, అంటే మా నోట మానుకోటలో, మా నాయన పెట్టిన కట్టెల అడితి ఆయన పోయాక నా చేతికి వచ్చింది. అడితిలో కూర్చోవడం నా పని, చెట్లు కొట్టించి దుంగలు తేవడం తమ్ముడి పని. జామాయిల్ తోటలు, పొలం గట్ల మీది తుమ్మలు, గాలివానకు కూలిన చింతలు, ఏవైనా సరే. దుంగలు ఎత్తడానికి వాడొక పాత చిన్న లోడర్ కొన్నాడు. ఇరుకు సందుల్లో కూడా దూరే బండి. కానీ దాని ముందర ఉన్నది మట్టి ఎత్తే తొట్టి. అందులో మట్టి నిలుస్తుంది గానీ దుంగ నిలుస్తుందా? బయ్యారం దగ్గర ఒక తోటలో దుంగలు జారుతున్నాయని వాడు బండి దిగి సర్దబోయాడు. ఒకటి దొర్లి వాడి మోకాలి కింద ఎముక విరిచింది.

దవాఖానలో వాడి పక్కన కూర్చుని ముందు తిట్టాను. తిట్టడం అయిపోయాక ఏడ్చాను. కట్టు విప్పిన తర్వాత కూడా వాడి నడకలో కుంటు పోలేదు. దుంగను గట్టిగా పట్టుకునే పంజా పెట్టించేదాకా బండి కదలదని చెప్పి తాళంచెవి నా కొంగుకు కట్టుకున్నాను. వాడికి ఇద్దరు చిన్నపిల్లలు. ఈసారి దుంగ కాలి మీద కాక ఛాతీ మీద పడితే?

అవి తెలంగాణ కోసం ఊళ్ళకు ఊళ్ళే రోడ్డెక్కిన రోజులు. ఏ రోజు బస్సు తిరుగుతుందో, ఏ రోజు రైలు ఆగుతుందో ఎవరికీ తెలియదు. మా తమ్ముడు కుంటుతూనే ప్రతి ఊరేగింపులో ముందుండేవాడు. నిరసనగా రోడ్డు మీదే వంటావార్పు పెడితే మా అడితి కట్టెలే పోయేవి, నన్నొక మాట అడగడం కూడా లేదు. రాష్ట్రం రావాలని నాకూ ఉండేది. కాకపోతే జెండా పట్టిన ప్రతివాడూ మనవాడేనని వాడు నమ్మేవాడు. నేను నమ్మేదాన్ని కాదు. దీని మీద అన్నం తింటూ ఎన్నిసార్లు కొట్లాడుకున్నామో.

మా బండికి సరిపడే పంజాలు రెండు చోట్ల ఉన్నాయని తెలిసింది. ఒకటి భూపాలపల్లిలో, ఇంకొకటి జనగామలో.

ముందు భూపాలపల్లి పోయాం. బొగ్గు గనుల దగ్గర మట్టిపనికి బండ్లు తిప్పిన కాంట్రాక్టర్ ఒకాయన, పని మానేసి సామానంతా అమ్ముకుంటున్నాడు. కూర్చోమని కూడా అనలేదు. రేకుల షెడ్డు వెనక పంజా చూపించాడు. ఒళ్ళంతా తుప్పు. రెండు గోళ్ళు, దేనికదే విడిగా మూసుకుంటుంది. ఒక పక్క లావు దుంగ, ఇంకో పక్క సన్నది ఉన్నా రెండింటినీ పట్టేస్తుంది. మాకు దొరికేవన్నీ వంకర తుమ్మలే కాబట్టి అది నాకు నచ్చింది. నచ్చిన విషయం మొహంలో కనబడనివ్వలేదు.

“గింత సన్నగున్నది, ఇరగదా?” అన్నాను.

“మీ బండి చిన్నది. పంజా బరువు గూడ అదే మొయ్యాలె గద. దీనికన్న బరువుది పెడితె ఎనక టైర్లు లేస్తయ్. కొంటె కొనున్రి, లేకుంటె లేదు” అన్నాడాయన.

తన దగ్గర తేలికది ఉంది కాబట్టి తేలికే మంచిదంటున్నాడని నా అనుమానం. ఎత్తి చూపించమన్నాను. విసుక్కుంటూనే తన బండికి తగిలించి రెండు దుంగలు పైకెత్తాడు. అలాగే ఉంచమని చెప్పి, బయటి హోటల్లో చాయ్ తాగి వచ్చాం. దుంగలు జానెడు కూడా జారలేదు. అయినా నా మనసు ఒప్పుకోలేదు. తుప్పు కింద ఏముందో ఎవరికి తెలుసు?

“గా తుప్పు ముక్క మనకొద్దక్కా. జనగామల కొత్త దానిలెక్క ఉన్నదట” అన్నాడు తమ్ముడు బస్సులో. వాడికి ఆ మనిషే నచ్చలేదు. జై తెలంగాణ అంటే బదులు పలకలేదట.

జనగామ దుకాణం మెయిన్ రోడ్డు మీదే ఉంది. ఎదురుగా దీక్షా శిబిరం. షావుకారు మమ్మల్ని చూడగానే కుర్చీలు వేయించాడు, కూల్‌డ్రింకులు తెప్పించాడు. నాకు అక్కడే మొదలైంది. శిబిరానికి మంచినీళ్ళ క్యాన్లు, వచ్చిపోయేవాళ్ళకు చాయ్ తనే పంపుతున్నానని మేము అడగకముందే చెప్పాడు. తమ్ముడు నా చెవిలో “మనోడక్కా” అన్నాడు. మనోడైతే మరీ జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే మనోడిని ఎవరూ తిప్పి చూడరు.

పంజా మాత్రం పసుపు రంగులో పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. పై దవడ ఒకటే పెద్ద మూత. దానిమీద జై తెలంగాణ స్టిక్కర్లు, పటం బొమ్మతో సహా.

“గింత బరువు మా బండి మోస్తదా సేటూ?”

“బరువుంటెనే బలం గదమ్మా.”

“మూత ఒక్కటే ఉన్నది. లావు దుంగను పట్టినంక పక్కన సన్నది జారదా?”

“ఏం జారదమ్మా, నా మాట నమ్మున్రి.”

“జర ఎత్తి చూపియ్యి.”

“డ్రైవర్ ఊరేగింపుకు పోయిండమ్మా. ఉద్యమం టైమ్ గద, పొమ్మని నేనే పంపిన.”

తమ్ముడు పొంగిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. లేచి పంజా చుట్టూ తిరిగాను, వంగి లోపలికి చూశాను. మూత తిరిగే కీలు దగ్గర, లోపలి వంపులో, ఇంకొక స్టిక్కర్ ఉంది. మిగతావన్నీ రోడ్డు మీద పోయేవాళ్ళకు కనబడేలా అంటించినవి. ఇది మాత్రం మెడ తిప్పి వంగితే తప్ప కనబడదు. నలుగురూ చూడాలని అంటించే బొమ్మను ఎవరూ చూడని చోట ఎందుకు అంటిస్తారు?

బొటనవేలితో రుద్దాను. కింద ఏదో గీతలా తగిలింది. గోరుతో అంచు ఎత్తబోయాను. తమ్ముడు గబుక్కున నా మణికట్టు పట్టుకున్నాడు.

“అక్కా, నీకేమన్న పిచ్చి లేసిందా? తెలంగాణ బొమ్మ అది!”

షావుకారు గొంతు ఒక్కసారిగా పెరిగింది. శిబిరందాకా వినబడాలని పెంచిన గొంతు అది. “ఏందమ్మా, తెలంగాణ బొమ్మను పీకుతున్నవ్? ఏడికెల్లి వచ్చినవ్ నువ్వు?”

శిబిరంలోంచి పది మంది లేచి వచ్చారు. వాళ్ళలో ఒకాయన నా మొహంలోకి వంగి, “ఎవ్వలు పంపిన్రు నిన్ను?” అన్నాడు. నిజం చెప్తున్నాను, నాకు భయమేసింది. అనుమానించడం నాకు పుట్టుకతో వచ్చింది గానీ, పది జతల కళ్ళు నన్ను అనుమానిస్తుంటే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

“మానుకోటోళ్ళమే అన్నా. మా అక్కనే” అన్నాడు తమ్ముడు. తల మాత్రం ఎత్తలేదు. నా వల్ల వాడికి తల కొట్టేసినట్టయింది.

అప్పుడు నాకు భయం పోయి కోపం వచ్చింది. వాడి ప్యాంటు మోకాలిదాకా పైకి లాగాను. “గీ కాలు చూడున్రి. దుంగ పడి ఇరిగింది. రేపు గీ కీలు ఇరిగితె దుంగ వీని మీదనే పడ్తది. బొమ్మను కింద పడేస్తనా? తీసి నా నెత్తి మీద పెట్టుకుంట. దాని కింద ఏమున్నదో చూడనియ్యున్రి, గంతే.”

ఎవరూ పక్కకు జరగలేదు. దీక్షలో కూర్చున్న ఒక అవ్వ, మెడలో బంతిపూల దండతోనే లేచి మెల్లగా రోడ్డు దాటి వచ్చింది. “జరుగున్రి బిడ్డా” అని, శిబిరంలో క్యాను నీళ్ళతో తడుపుకొచ్చిన కొంగును స్టిక్కర్ అంచుల మీద ఒత్తింది. చంటిపిల్లకు పక్కు తీసినంత నెమ్మదిగా, ఎక్కడా చిరగకుండా ఊడదీసి, నా ముంజేతి మీద అంటించింది.

కింద రంగు కొంచెం ఉబ్బి ఉంది. నా కొంగుకున్న తాళంచెవి తీసి గీకాను. లప్పం పెచ్చులుగా రాలింది. దాని వెనక, కీలు ఈ చివర నుంచి ఆ చివరిదాకా పగులు. పైపైన వెల్డింగ్ ముద్దలు వేసి పూడ్చారు.

“నాకేమెరుక? నా దగ్గరికి గట్లనే వచ్చింది” అన్నాడు షావుకారు.

“ఎరుక లేకుంటె సరిగ్గ గాడనే ఎట్ల అంటించినవ్ కొడుకా?” అంది అవ్వ.

నన్ను ఎవరు పంపారని అడిగినాయనే షావుకారు పంపిన నీళ్ళ క్యాన్లు ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చి దుకాణం మెట్ల మీద పెట్టాడు. నా వైపు చూసి, “ఏమనుకోకక్కా” అన్నాడు.

తిరుగు రైల్లో నేను గెలిచిన గర్వంతో ఏదో అనబోయాను. తమ్ముడు కిటికీ వైపు తిరిగి ఏడుస్తున్నాడు. కాలు విరిగినప్పుడు కూడా వాడు అంత ఏడవలేదు.

“మన బొమ్మ కిందనే దాచిండే అక్కా” అన్నాడు. వాడి తల నిమురుతూ కూర్చున్నాను.

భూపాలపల్లి పంజానే తెచ్చుకున్నాం. తుప్పంతా గీకి, కీళ్ళు నా చేతులతో తడిమాకే కొంగు ముడి విప్పి తాళంచెవి ఇచ్చాను. ఆ మనిషి మీద నా అనుమానం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పంజా మాత్రం ఒక్క దుంగను జారవిడవలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు అడితి ముందు డప్పులే డప్పులు. తమ్ముడి దోస్తులు మా లోడర్‌ను రంగులతో ముంచెత్తారు. తలుపుకు స్టిక్కర్, సీటుకు స్టిక్కర్, నా కుర్చీకి స్టిక్కర్. నేనూ నవ్వుతూనే ఉన్నాను. ఒకాయన పంజా దగ్గరికి పోయి కీలు మీద అంటించబోయాడు. నేను లేచేలోపే తమ్ముడు కుంటుతూ పరుగెత్తి, జనగామలో నాది పట్టుకున్నట్టే, అతని మణికట్టు పట్టుకున్నాడు.

“గాడ వద్దు అన్నా. అది మా అక్క రోజూ చూస్తది.”