పిలుపులు లేని అరగంట

మా పిన్నిని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు గానీ, పిలిచేవాళ్లకు మాత్రం కొదవ లేదు. మంచం పట్టిన అత్తగారు పడుకున్న చోటి నుంచే "అమ్మాయ్" అంటుంది. పిల్లలు "అమ్మా" అంటారు. మరిది "వదినా" అంటాడు, అతని పిల్లలు "పెద్దమ్మా" అంటారు. బాబాయి నోరు తెరిచి పిలవడు, గొంతు సవరించుకుంటాడు. అదీ పిలుపే. యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో పిన్ని గుండీల కాజాలు కుట్టే మిషను మీద కూర్చుంటుంది కాబట్టి అక్కడ ఆమె "కాజాలక్క". ఆ రెండు గదుల ఇంట్లో తలుపు వేసుకునే వీలున్న చోటు స్నానాలగది ఒక్కటే. అక్కడ కూడా రెండు చెంబులు పోసుకునేలోపు ఎవరో ఒకరు తలుపు కొడతారు.

కార్ఖానా నుంచి ఇంటికి వచ్చే దారిలో విచారణ గుడి ఉంది. ఒక గురువు చూసుకునే ప్రాంతాన్ని కతోలికులు విచారణ అంటారు, ఆ ప్రాంతానికంతా పెద్ద గుడి అది. పొద్దున పూజ అయిపోతే మళ్లీ సాయంత్రం జపమాల దాకా అక్కడ ఏమీ జరగదు. పిన్ని షిఫ్టు మధ్యాహ్నం ముగుస్తుంది. పక్కింటావిడ అత్తగారి దగ్గర ఇంకాసేపు కూర్చుంటుంది. ఆ మిగిలిన అరగంట పిన్నిది. స్తంభం వెనక చివరి బల్ల మీద కూర్చుని జపమాల తీస్తుంది. మైనం వాసన, తడిగుడ్డతో తుడిచిన నేల వాసన కలిసి వస్తుంటాయి. రంగు అద్దాల్లోంచి పడ్డ వెలుగు నేలమీద మెల్లగా జరుగుతుంటుంది. ముందు, క్రీస్తు శరీరంగా కొలిచే దివ్యసత్ప్రసాదాన్ని ఉంచే మందసం పక్కన, ఎర్రదీపం వెలుగుతుంటుంది. అంతసేపు నువ్వు దేవుణ్ణి ఏమడుగుతావని ఒకసారి బాబాయి అడిగితే, ఏమీ అడగనంది పిన్ని. "ఆయన నన్ను పిలవడు. అదే చాలు."

ఆ వేసవిలో గుడిలో మైకు పోయింది. దానితోపాటు పీఠం మీది ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు రెండూ పోయాయి. విచారణ సంఘానికి అధ్యక్షుడు ఒక పెద్దమనిషి. జీవితమంతా గిడ్డంగి మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. అందరూ ఆయన్ని వెనకాల గిడ్డంగి గారనే అంటారు, ఆయనకూ ఆ సంగతి తెలుసు. మైకు పోతే ఇంకోటి కొనుక్కుంటాం, రేపు ఎవడో మందసం మీద చెయ్యి వేస్తే ఏం చేస్తామని ఆయన అడిగాడు. అందరూ అవునన్నారు. పిన్నికి కూడా ఆ మాట న్యాయంగానే తోచింది. మధ్యాహ్నం గంట కొట్టగానే గుడికి తాళం వెయ్యాలని తీర్మానమైంది.

తాళం వేసే పని ఉపదేశి తాతది. గంట కొట్టడం, పిల్లలకు జపాలు నేర్పడం, గుడి ఊడ్పించడం, అన్నీ ఆయనే. మొదటిరోజు అలవాటు లేక తాళం సంగతి మరిచిపోయి ఇంటికెళ్లి భోజనం చేశాడు. పిన్ని వచ్చేసరికి తలుపు ఓరగా తెరిచే ఉంది. ఇవాళ్టికి అదృష్టం బాగుందనుకుంటూ వెళ్లి తన బల్ల మీద కూర్చుంది.

చెయ్యి కడుక్కుంటుంటే తాతకు తాళం గుర్తొచ్చింది. పరుగున వచ్చి తలుపు దగ్గర నిలబడి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని కేకేశాడు.

పిన్ని జపమాలలో ఒక పదిపూసల వరస మధ్యలో ఉంది. కాజా కుట్టేవాళ్లు కాజాను సగంలో వదలరు. వదిలితే దారం జారి, కుట్టిందంతా ఊడొస్తుంది. కార్ఖానాలో ఎవరు పిలిచినా పిన్ని చేతిలోని కాజా ముగించాకే తలెత్తుతుంది. ఇక్కడా అంతే, వరస ముగించి పలుకుదాంలే అనుకుంది. పైగా పిలిస్తే పలకాల్సిన పనిలేని చోటు ఆమెకు లోకంలో అదొక్కటే. ఆమె ఆఖరి పూస దగ్గరికి వచ్చేసరికి తాళంచెవి రెండుసార్లు తిరిగిన చప్పుడైంది.

లేచి వెళ్లి తలుపు తట్టింది. తాత అప్పటికే వెళ్లిపోయాడు. పక్కతలుపుకు బయటినుంచి గడియ ఉంది. ఇంట్లో అందరికీ ఒక్కటే ఫోను, అది అత్తగారి దిండు కింద ఉంటుంది. ఆ తర్వాత జరిగింది పిన్ని చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. భయపడాల్సింది పోయి, ఆమెకు సంతోషమేసింది. వెనక్కి వచ్చి బల్ల మీద కూర్చుని, తీరిగ్గా జపమాల మొత్తం చెప్పుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, పక్కింటావిడ వెళ్లిపోయే వేళ అయిందని. ఆవిడ వెళ్లిపోతే మంచినీళ్లందించే దిక్కు కూడా అత్తగారికి ఉండదని.

పిన్ని గంటతాడు పట్టుకుని లాగింది.

వేళకాని వేళ గంట మోగితే ఎవరో పోయారని అర్థం. మందుల షాపతను షట్టరు సగం దించి వచ్చాడు. మెకానిక్కు నూనె చేతులతోనే వచ్చాడు. ఉపదేశి తాత నిద్రలోంచి లేచి, చొక్కా తిరగేసి తొడుక్కుని వచ్చాడు. అంతా ఎవరు పోయారు, ఎవరు పోయారని అడుగుతుంటే తలుపు తెరుచుకుంది.

"ఎవరూ పోలేదు. నేనే పోవాలి, ఇంటికి," అంది పిన్ని. చెంగు తలమీదికి లాక్కుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయింది.

ఇంట్లో సంగతంతా విని బాబాయి గొంతు సవరించుకున్నాడు. "అయితే విచారణ గుడిలో, విచారణ లేకుండానే లోపల వేశారన్నమాట." అత్తగారు దగ్గొచ్చేదాకా నవ్వింది. ఆమె అలా నవ్వి చాలాకాలమైంది.

నవ్వు ఇంటితో ఆగలేదు. మర్నాటికి కార్ఖానాలో కాజాలక్క గంటక్క అయింది. పిన్ని సిగ్గుతో ఆ వీధే మానేసింది, వెనక సందులోంచి చుట్టు తిరిగి ఇంటికి రాసాగింది. తాళం ఎలాగూ పడుతోంది, వెళ్లి చేసేదేముంది అనుకుంది. మిషను మీద సూదులు విరిగాయి. పిల్లల మీద ఊరికే కసురుకుంది. ఒకరోజు అత్తగారికి గంజి పడుతూ చెంచాను పళ్లకేసి కొట్టింది.

అత్తగారు గంజి మింగి, కాసేపు కోడలి మొహం వంక చూసింది. "అమ్మాయ్, ఆదివారం సంఘం వాళ్లు కూర్చుంటారట. వెళ్లి ఆ గుడి తెరిపించుకో."

"నేనెవరినత్తయ్యా, నా మాట ఎవరు వింటారు?"

"ఆ అరగంట నీకోసమనుకున్నావా? మాకోసం. నువ్వక్కడికి వెళ్లొస్తేనే మేమిక్కడ బతికి బట్టకడుతున్నాం."

ఆదివారం పూజయ్యాక గుడి పక్కగదిలో కుర్చీలు వేశారు. గిడ్డంగి గారి వాదన ఇప్పుడు ఇంకా గట్టిపడింది. ఈసారి ఏ ముసలివాళ్లో లోపల ఇరుక్కుపోతే ఎవరు బాధ్యులు, అందుకని పొద్దున పూజ కాగానే తాళం పడాలన్నాడు. ఫాదర్ గారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు. పిన్ని లేచి నిలబడింది. ఎవరో గంటక్క అని గొణిగారు, ఎవరో కిసుక్కుమన్నారు.

మైకు పోయిన రోజు తాను రాలేదని చెప్పింది పిన్ని. అత్తగారికి జ్వరం. తానుంటే దొంగ పారిపోయేవాడని చెప్పుకోవడానికి రాలేదు, ఎవరో ఒకరుంటే మాత్రం వాడు లోపలికి వచ్చేవాడు కాదేమో అంది.

"తాళముంటే అసలే రాడమ్మా," అన్నాడు గిడ్డంగి గారు.

"నిజమేనండీ. నేనూ రాలేను."

పిన్ని కూర్చోలేదు. "మందసం భద్రంగా ఉండాలి, కాదనను. తాళం బదులు మనుషుల్ని ఉంచండి. మేం ఉంటాం."

"మేం అంటే ఎవరమ్మా?"

పిన్ని చుట్టూ చూసింది. అందరూ ఎటో చూస్తున్నారు. చివరికి ఉపదేశి తాత, నేనూ ఉంటాను, పడుకునేదేదో గుడి ఆవరణలోనే పడుకుంటానన్నాడు. ఫాదర్ గారు నవ్వేసి, ఒక నెల చూద్దామన్నారు. గిడ్డంగి గారు ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. తాత మధ్యమధ్యలో వచ్చి తలుపు దగ్గర నిలబడి పిలవాలి. లోపలినుంచి పలికితే సరే. ఎవరూ పలకకపోతే తాళం.

పిన్ని సరేనంది. ఏం పోగొట్టుకుందో మర్నాడు బల్ల మీద కూర్చున్నాక తెలిసింది. పదిపూసల వరస మధ్యలో తాత పిలుపు వచ్చింది. "ఎవరైనా ఉన్నారా?" పిన్ని పూస మీద వేలు ఆపి, "ఉన్నాను," అంది. వేలు ఎక్కడ ఆగిందో తర్వాత గుర్తుకు రాలేదు. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.

"ఇప్పుడక్కడ కూడా పిలుస్తున్నారు," అంది ఆ సాయంత్రం ఇంట్లో.

"మానేస్తావా?" అన్నాడు బాబాయి.

"నేను పలక్కపోతే తలుపు మూసేస్తారు."

అలా రోజూ పలికింది. ఆమె వెళ్లిపోగానే తాళం పడేది. తర్వాత ఒకరోజు ఆమె లేచేసరికి మెకానిక్కు గుమ్మం దగ్గర చేతులు తుడుచుకుంటూ కనిపించాడు. వాళ్లావిడకు నెలలు నిండాయి, భయంగా ఉందట. మందుల షాపతని తల్లి వచ్చి, కదలకుండా కూర్చుని వెళ్లేది. పరీక్షలకు చదువుకునే ఒకమ్మాయి వచ్చేది. ఆ అమ్మాయి కతోలికురాలు కాదు. కూర్చోవచ్చా అని తాతను అడిగితే, అడిగి కూర్చున్నది ఈ గుడిలో నువ్వొక్కదానివే అన్నాడట.

గిడ్డంగి గారు తనిఖీకని ఒక మధ్యాహ్నం వచ్చాడు. మధ్య బల్లలో కూర్చుని మందసాన్ని, కిటికీ గడియల్ని, పీఠం మీది కొత్త స్టాండ్లని చూశాడు. ఆ చల్లదనానికి ఎప్పుడు కన్ను మూతపడిందో ఆయనకే తెలియదు. తాత వచ్చి ఎవరైనా ఉన్నారా అని పిలిస్తే, పెద్ద గురక వినిపించింది. తాత కాసేపు ఆలోచించి, పలికారు కాబట్టి తాళం అక్కర్లేదని వెళ్లిపోయాడు. నెల ముగిశాక సంఘంలో తాళం ఊసు ఎత్తాల్సిన ఆయన ఎత్తలేదు.

ఇదంతా పిన్ని నాకు చెప్పింది, కాజాలు కత్తిరించిన దారపు ముక్కలు చీర మీంచి ఏరుకుంటూ. చివర చెప్పింది చాలా చిన్న సంగతి. వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, చివరి బల్ల మీద ఆమె ఎప్పట్లాగే వరస మధ్యలో ఉంది. తలుపు దగ్గర తాత గొడుగు దులిపిన చప్పుడు. ఆ వెంటే ఆ ప్రశ్న. పిన్ని పూస మీద వేలు ఆపి, పలకడానికి నోరు తెరవబోయింది.

"ఉన్నాం," అని ముందు బల్లల్లోంచి ఎవరో అన్నారు.

ఎవరో పిన్ని తలెత్తి చూడలేదు. పూస వదిలి, తర్వాతి పూస పట్టుకుంది.