యాకూబ్ భాయ్ ముక్కుకు నేను చెప్పిన సాక్ష్యం

నమ్మి సాక్ష్యానికి పిలిచిన మనిషి కేసును సీసా మూత తీసినంత తేలిగ్గా ఎలా ముంచవచ్చో తెలుసుకోవాలంటే నన్నడగండి. ఆ మూత తీసింది నేనే.

అప్పుడు నేను ఖమ్మంలో కొత్త న్యూరోసర్జన్ని. మెదడు తెరిచేటప్పుడు వేలు కూడా వణకదు గానీ, నలుగురి ముందు నోరు తెరవాలంటే ఒళ్ళంతా వణుకు. డైరీలో పేజీలకు పేజీలు వాగుతాను. బస్సులో మాత్రం "ఆపండి" అనలేక, ఎవరైనా దిగేదాకా కూర్చుని రెండు స్టాపులు వెనక్కి నడిచే రకం.

యాకూబ్ భాయ్ పెళ్ళిళ్ళకు బిర్యానీ వండేవాడు. పెనుబల్లి దగ్గర ఆయన మోపెడ్‌ను లారీ గుద్దింది. తల గాయం మానింది గానీ వాసన పోయింది. అన్నం మాడుతున్నా తెలియని వంటమనిషికి పెళ్ళివారు బిర్యానీ గంజు ఎలా అప్పజెబుతారు? నష్టపరిహారం కేసు వేశాడు. ఆయన్ని పరీక్షించిన నిపుణురాలిగా నేను బోనెక్కాను.

"డాక్టరమ్మా," అన్నాడు ఇన్సూరెన్సు వకీలు, "వాసన తెల్వదని ఆయన చెప్పిండు, మీరు రాసిన్రు. గంతేనా? అంతా నాటకం కాదని ఎట్ల చెప్తరు?"

"పరీక్ష... చేశానండీ..."

"జర గట్టిగ చెప్పున్రి! బోనుకు చెప్తున్నరా, మాకా?"

జడ్జిగారు కళ్ళజోడు సర్దుకుని, "ఆ పరీక్ష ఇక్కడ చేసి చూపించగలరా అమ్మా?" అన్నారు.

నా బ్యాగులో రెండు చిన్న సీసాలున్నాయి. ఒకదానిలో కాఫీ పొడి, అలా అడిగితే చూపించడానికి. రెండోదానిలో అమోనియా, నేను కళ్ళు తిరిగి పడితే ఎవరైనా నా ముక్కు దగ్గర పెడతారని. ఇంత ముందుచూపు ఎవరికుంటుంది చెప్పండి! అయితే రెండు సీసాలూ కవల పిల్లల్లా ఉన్నాయి. నా ముందుచూపు అంతవరకు పోలేదు.

యాకూబ్ భాయ్ కళ్ళు మూసుకున్నాడు. నేను మూత తీసి ముక్కు కింద పెట్టాను.

"యా అల్లా!"

మనిషి అంతెత్తున ఎగిరాడు. కళ్ళ వెంట ధారలు. తుమ్ములు బెంచీలు దాటి బంట్రోతు దాకా పాకాయి.

"చూసిన్రా సార్, వాసన రాని ముక్కు!" వకీలు ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోయింది.

వెనక బెంచీలోంచి యాకూబ్ భాయ్ భార్య లేచింది. "ఏంది డాక్టరమ్మా, నువ్వు మా దిక్కు వచ్చినవా, వాళ్ళ దిక్కా?"

యాకూబ్ భాయ్ ముక్కు పట్టుకునే అరిచాడు. "వాసన కాదు సార్! మంట! కంట్ల కారం పడ్డట్టు మండింది గానీ, అదేందో నాకేం తెల్వదు!"

మంట! ఆ ఒక్క మాటకు నా గొంతు పెగిలింది.

"అవును సర్! అమోనియా ఘాటును పట్టుకునేది వేరే నరం. వాసన నరం తెగినా అది పనిచేస్తుంది. నాటకమాడే మనిషైతే దీనికీ రాయిలా కూర్చునేవాడు. ఈయనకు అబద్ధం చేతకాదు కాబట్టే ఎగిరాడు!"

ఈసారి మళ్ళీ ఆయన కళ్ళు మూయించి, చూసి చూసి కాఫీ సీసా పెట్టాను. యాకూబ్ భాయ్ బాగా పీల్చి, జాలిగా అన్నాడు: "ఖాళీ సీసా పెట్టినవ్ బిడ్డా."

వకీలు కూర్చున్నాడు. జడ్జిగారు మెచ్చుకోలుగా తలూపారు. "భలే పరీక్ష! అయితే అమోనియా కావాలనే తెచ్చారన్నమాట."

ఊ అంటే చాలు, జిల్లాలోకెల్లా తెలివైన డాక్టర్ని. కానీ బోనెక్కగానే అంతా నిజమే చెబుతానని ప్రమాణం చేశాను కదా.

"లేదు సర్. అది నా కోసం. మిమ్మల్ని చూసి నేను స్పృహ తప్పితే..."

కోర్టు ఘొల్లుమంది. జడ్జిగారు రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వి, టైపిస్టు వైపు తిరిగారు. "రాసుకోవయ్యా. వీళ్ళిద్దరికీ అబద్ధం చేతకాదు."

యాకూబ్ భాయ్ కేసు గెలిచాడు. నేను ఆ సాయంత్రమే డైరీ మీద చేయి వేసి శపథం పట్టాను: ఇక జన్మలో కోర్టుకు అమోనియా తీసుకెళ్ళను. స్పృహ తప్పితే తప్పనీ. నేలమీద పడున్న సాక్షిని ఏ వకీలూ ఎదురు ప్రశ్నలు అడగలేడు.