పై గీత

విజయనగరంలో పీజీ చేసే రోజుల్లో మా గైడు సారు నన్ను పొద్దస్తమానం అడిగే మాట ఒకటే: "నాది పైనెట్టినావా అమ్మా?"

ఒకే మందుపై వేర్వేరు చోట్ల జరిగిన పరిశోధనల ఫలితాలను, ఒక్కోదానికి ఒక్కో గీత చొప్పున పేర్చే బొమ్మను ఫారెస్ట్ ప్లాట్ అంటారు. సాఫ్ట్‌వేర్‌లో సంవత్సరాల వారీగా పేరిస్తే సారు సొంత పరిశోధన గీత మధ్యలో పడింది. ఫలితాల వారీగా పేరిస్తే అట్టడుక్కి పోయింది.

"ఏ వరసలో నాను ముందొస్తే అదే సరైన వరసమ్మా," అన్నారు, సిగ్గు లేకుండా. అక్షరక్రమంలో ఆయన పేరే మొదటిది. అలాగే పేర్చాను.

సదస్సులో సారు ప్రసంగం మధ్య ఆ బొమ్మ తెర మీద పడగానే శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్ద డాక్టరమ్మ లేచింది.

"అందరి గీతలూ మందు పనిచేసిందనే పక్కనున్నాయి. పైనున్నదొక్కటే అవతలికెళ్లిపోనాదేటి బాబూ? అదెవరిది?"

సారు తడుముకోనైనా లేదు. "మా పీజీ పాప సార్టింగు తప్పు సేసేసిందండీ."

"సార్టింగు వరస మారుస్తాది గానీ, గీతని పక్క మార్సదు కదా!"

హాలంతా నవ్వింది. సారు గబగబా చివరి స్లైడుకి దూకి, పేరుపేరునా అందరికీ కృతజ్ఞతలు చెప్పారు. బొమ్మ గీసిన నా పేరు అందులో లేదు. ఆయన పేరు పక్కన నాది లేనందుకు ఆ రోజు హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.