కరెంటు లేని పూట పొంగిన ట్యాంకు

దయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. ఏడో తరగతిలో లెక్కల అయ్యోరికి భయపడి బడి మానేసినోణ్ణి. ఉన్న భయమంతా ఆయనకే ఖర్చయిపోయింది, దయ్యాలకు మిగల్లేదు.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో మార్కాపురంలో ఒక అపార్ట్‌మెంటులో అద్దెకుండేవాళ్లం. ఆటో నడుపుకునే నాకు పై అంతస్తే దొరికింది. మా పైన సూర్యుడొక్కడే కాపురం. కింది ఇంటోళ్లు ఒక ఫ్యానుతో గడిపేస్తే, మేము పొద్దున్నుంచే కూలర్ వేయాల. మా మీటరు తిరిగే వేగం చూసి, ఇంట్లో పిండిమర పెట్టినారా అని అడిగేవాళ్లు.

ఇళ్ల మీటర్లు ఎవరివి వాళ్లవే గానీ, బోరు మోటారు కరెంటు అందరిదీ. ట్యాంకు పొంగిందంటే ఆ రోజంతా గొడవే. అందుకని మోటారు స్విచ్చికి ఇనుప పెట్టె చేయించి, తాళంచెవి నాకిచ్చినారు. జీవితంలో వచ్చిన ఒకే ఒక ఉద్యోగమని దాన్ని మొలతాడుకు కట్టుకున్నా.

మా అత్త, నా పెళ్లాం తల్లి, మాతోనే ఉండేది. మా నాయనకు సొంత చెల్లెలు కూడా. ఒకరినొకరం ఎగతాళి చేసుకోకుండా మాకు పూట గడిచేది కాదు.

ఒక మే నెల మధ్యాహ్నం లైన్ పనుందని ఊరంతా కరెంటు తీసినారు. నా పెళ్లాం, పిల్లలు గిద్దలూరు పోయినారు. అత్త వెనక గదిలో ఉందనుకొని, అన్నం తిని బండల మీద పడుకున్నా.

కిటికీ బయట నీళ్లు పడే చప్పుడు. ట్యాంకు పొంగినట్టుంది. మొలతాడు తడుముకుంటే తాళంచెవి ఉంది. తలెత్తితే ఫ్యాను తిరగడం లేదు. కరెంటే లేనప్పుడు మోటారు ఎట్ల నడుస్తుంది? ఇదేందిరా అనుకుంటా మిద్దె మీదికి పోయినా.

అత్త అక్కడ ఎండలో పడిపోయి ఉంది. వడియాలు తిప్పను పోయిందంట. తెలివి లేదు. ట్యాంకు పొంగే గొట్టంలోంచి నీళ్లు సరిగ్గా ఆమె తల మీద, ఒంటి మీద పడతా ఉన్నాయి. ఆ ఎండలో మా ట్యాంకు నీళ్లు టీపొడి వేసుకునేట్టుంటాయి. ఇవి చల్లగా ఉన్నాయి. ఆమెను ఎత్తుకోగానే ధార సన్నబడి ఆగిపోయింది.

నా కేకలకు కింది ఇంటాయన వచ్చి సాయం పట్టినాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయినా. ఒళ్లు తడవకపోయుంటే ఎండదెబ్బకు దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పింది.

మేము పోయిన వెంటనే ఆ కింది ఇంటాయన ట్యాంకు మూత తీసి చూసినాడంట. నీళ్లు సగానికే ఉన్నాయి. పొంగే గొట్టమేమో అంచు దగ్గర. పెట్టెకు వేసిన తాళం వేసినట్టే ఉంది. తర్వాత ప్లంబరును పిలిచి చూపిస్తే, పగులూ లేదు, లీకూ లేదన్నాడు.

అది ఎట్ల జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ మోటారు వేసే ముందు దండం పెట్టుకునేవాణ్ణి. ఎవరికో తెలియకుండానే.

అత్త కోలుకున్నాక నా నోరు ఊరుకోలేదు. ఆ పూట మోటారు ఖర్చు నీ పేరునే రాయిస్తా అత్తా, అన్నా.

ఆమె కూలర్ ముందర నుంచి కదలకుండానే అనింది: "రాయించుకో. ముందు నీ మొలతాడుకుండే తాళంచెవి ఇప్పి, కరెంటు లేకుండా నీళ్లెక్కిచ్చినోళ్లకు ఇయ్యి. ఆ ఉద్యోగం ఇంక నీది కాదురా."