కోట గుట్ట మీద తూము

విలేకరిగా చేరిన తొలి ఏడాది నేను రాసిన వార్తల్లో జనం గుర్తుపెట్టుకున్నది ఒక్కటే. మా మెట్ట ఊరి గుట్ట మీది పాత కోటలో సొరంగం ఉందనీ, అది రాజమండ్రి దాకా వెళుతుందనీ రాశాను. కోటలో పరుపుబండ అంచున, రాళ్ళ మధ్య చీకటిగా ఒక కన్నం కనిపించింది. అక్కడ మేకలు కాస్తున్న పెద్దాయన, “శత్రువులొస్తే రాణిగారు ఇందులోంచే తప్పుకునేవారంటండి” అన్నాడు. అంతకంటే ఏం కావాలి? డెస్కువాళ్ళు ఫొటోతో సహా వేశారు.

నెల తిరక్కుండానే లంకెబిందెల కోసం గడ్డపలుగులు పట్టుకుని ఎక్కడెక్కడివాళ్ళో దిగారు. పంచాయతీవాళ్ళు బెదిరిపోయి ఆ కన్నం నిండా రాళ్ళూ మట్టీ కూరి మూసేశారు.

ఆ కోట గురించి మా ఊళ్ళో తెలిసింది కొంచెమే. రెడ్డిరాజులు కట్టారంటారు, గజపతులు లాక్కున్నారంటారు, ఆ తరవాత ఎవరికీ అక్కర్లేకపోయిందంటారు. మిగిలింది రెండు బురుజులు, నడుమెత్తు గోడ, కాస్త చదును నేల, దాని దిగువన రాతిలో తొలిచిన గుండం. చిన్నప్పుడు ఎండాకాలంలోనూ అందులో ఈదేవాళ్ళం. తరవాత్తరవాత శివరాత్రికే ఎండిపోయేది. ఎందుకో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఇప్పుడు ఆ చదునులో నర్సరీ ఉంది. కడియం నర్సరీల్లో ఏళ్ళ తరబడి మొక్కలకి అంట్లు కట్టిన మా ఊరి ఆడవాళ్ళు తొమ్మిదిమంది కలిసి పెట్టుకున్నారు. బురుజు నీడలో కరివేపాకు, ఎండ తగిలే గోడవార కాగితంపూలు, ఒకప్పుడు కావలివాళ్ళు నిలబడిన మెట్ల మీద మందార. అన్నీ ఉన్నాయి, నీళ్ళు తప్ప. కింది నుంచి బిందెలతో మోసేవారు. ఈ వానాకాలంలో నీళ్ళ సంగతి తేల్చుకోకపోతే ఆ జాగా పెళ్ళి ఫొటోలవాళ్ళకి ఇచ్చేస్తామని పంచాయతీ ప్రెసిడెంటు చెప్పేశాడు.

మే నెలలో ఒక పొద్దున్న, ఆ తొమ్మిదిమందిలో పెద్దావిడ మా ఇంటికొచ్చింది.

“బాబాయ్ గారూ, సొరంగం ఉందని రాసింది తమరేనంటగా?”

“నేనేనమ్మా.”

“లోపల చూశారాండీ?”

“లేదు.”

“మరెలా రాసేశారండీ బాబూ!”

ఆవిడ నన్ను గుట్ట ఎక్కించింది. మూసేసిన కన్నం దగ్గర నుంచి గుండం దాకా, మాడిపోయిన నేల మీద తాడు పరిచినట్టు ఒకే వరసలో గరిక పచ్చగా ఉంది.

“కింద తడి లేకుండా ఈ ఎండల్లో గరిక ఇలా ఉంటుందాండీ? ఇది సొరంగం కాదు, తూమండి. పరుపుబండ మీద పడ్డ వానంతా ఇందులో దిగి గుండంలోకి పోయేది. మీరు రాశారు, వాళ్ళు మూశారు.”

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కాలువ గట్ల మీద సైకిలు తొక్కినవాణ్ణి. అన్ని తూములు చూసీ దీన్ని గుర్తుపట్టలేకపోయాను.

మర్నాటి నుంచి పని మొదలైంది. నేనూ తట్ట పట్టాను. రాళ్ళు తీసేకొద్దీ కన్నం అసలు కొలత బయటపడింది. మనిషి బోర్లా పడుకుంటే భుజాలు పట్టవు.

“రాణిగారు పట్టుచీర కట్టుకుని ఇందులోంచే రాజమండ్రి పాకారాండీ?” అంది ఒకావిడ.

“నగలపెట్టె నెత్తినెట్టుకుని!” అంది ఇంకొకావిడ.

“ఊరుకోండే, బాబాయ్ గారు నొచ్చుకుంటారు” అంటూ అందరికంటే గట్టిగా నవ్వింది పెద్దావిడ.

జూన్‌లో ఒక మధ్యాహ్నం గోదారి వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. అందరం గుట్ట మీదే ఉన్నాం. వాన ఒక్కసారిగా దబదబా కొట్టింది. బండ మీది నీళ్ళన్నీ ఒక్కటై తూములోకి దూకాయి. మేం గుండం దగ్గరికి పరుగెత్తాం. అక్కడ చుక్క లేదు. పెద్దావిడ గుండం అంచున ఉన్న తూము నోటికి చెవి ఆనించింది. నేను పక్కన బురదలో పడుకుని భుజం దాకా చెయ్యి దూర్చాను. చేతికి గరిక వేళ్ళు అల్లుకున్న మట్టిగడ్డ తగిలింది. బలంగా లాగాను.

ముందు ఒక కప్ప నా మొహం మీదికి దూకింది. దాని వెనకే ఎర్రటి నీళ్ళు!

“వచ్చిందండీ! వచ్చేసిందండీ!” పెద్దావిడ కట్టిన చీరతోనే గుండంలోకి దిగిపోయింది. కొందరు ఫోన్లు తీశారు, కొందరు ఉట్టినే అరిచారు. ఏళ్ళ తరబడి ఎన్నికల ఫలితాలు, వరదలు, మంత్రుల రాకలు రాశాను గానీ, అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు.

ప్రెసిడెంటు మర్నాడు వచ్చి గుండం వంక చాలాసేపు చూశాడు. ఫొటోలవాళ్ళ ఊసెత్తకుండా రెండు మందార మొక్కలు అడిగి పట్టుకెళ్ళాడు.

నేను పనిచేసిన పేపరుకి నాలుగు వాక్యాల సవరణ పంపాను. డెస్కు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది.

“ఎప్పటి వార్తకండీ ఇది?”

“నేను చేరిన ఏడాదిదమ్మా.”

“అప్పటికి నేను పుట్టలేదండి” అని నవ్వింది, కానీ వేసింది.

అది అచ్చయిన పేపరు పట్టుకెళ్ళి పెద్దావిడకి చదివి వినిపించాను. చేతిలో అంటు వదలకుండానే, “ఈసారైనా లోపల చూసి రాశారాండీ?” అని అడిగింది.

చొక్కా చెయ్యి పైకి మడిచి, భుజం దాకా గీరుకుపోయిన చర్మం చూపించాను.