రత్నాలు ఆపించిన జీపు

2024 డిసెంబరు 12, గురువారం: పదకొండు సార్లు. చింతపల్లి నుంచి ఘాటు దిగి ఆసుపత్రికి జనాన్ని చేరవేసే వరహాలరావు సర్వీసు జీపు ఆ ఒక్క ఉదయం దారిలో అన్నిసార్లు ఆగింది. అన్నిటికీ కారకురాలు రత్నాలు. నీళ్లు తాగడం, జీపు ఆపించడం: ప్రయాణంలో ఆమెకు మూడో పని ఉండేది కాదు.

ఆమెకు పుట్టుకతోనే సికిల్ సెల్ జబ్బు. చలి తగిలినా, ఒంట్లో నీరు తగ్గినా ఎర్రకణాలు కొడవళ్లలా వంగి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఎముకలను పిండేసే నొప్పి మొదలవుతుంది. నీళ్లు బాగా తాగమని డాక్టరు చెప్పిన మాటను ఆమె ప్రభుత్వ ఉత్తర్వులా అమలు చేసేది. ఒళ్లో అయిదు లీటర్ల డబ్బా లేనిదే జీపెక్కేది కాదు.

"ఆపు, వరహాలూ."

"ఇప్పుడే కదప్పా ఆపినాను. రెండు మలుపులు తిరగలేదు."

"మలుపులు లెక్కెడతన్నావా? నీకు సదువు బాగానే వొచ్చు. ఆపు."

"జనానికి పనులున్నాయే."

"నాకూ ఉంది పని. దిగి సేసుకొస్తాను. బేగి ఆపు."

దిగే ముందు వెనక సీట్లలోని ఆడవాళ్ల మీద పడేది. "బొమ్మల్లాగ కూకున్నారేటి? మీరూ దిగండి. మళ్లీ ఆపమంటే ఈడు నన్ను నమిలేస్తాడు." ఆమె నోటికి జడిసి అందరూ కాఫీ తోటలోకి నడిచేవారు. అందరికన్నా వెనక బేబి, తల వంచుకుని. ఆ ఇంటరు పిల్లకూ అదే జబ్బు. కొత్త మందు మొదలుపెట్టాక వారం వారం రక్తపరీక్షకు వెళుతోంది.

పదకొండోసారి జీపు కదిలించాక వరహాలరావు పళ్లు కొరికాడు. "వొచ్చే వారం నిన్నెక్కించుకుంటే నా పేరు మార్చీ."

అన్నంత పనీ చేశాడు. 19న మంచులో డబ్బాతో చెయ్యెత్తి నిలబడిన రత్నాలును దాటుకుని బండి పోనిచ్చాడు. ఆమె తిట్లు మొదటి మలుపు దాకా వెంటవచ్చాయి. తర్వాత జీపు ఎక్కడా ఆగలేదు. ఇరవై ఏళ్ల సర్వీసులో అంత హాయిగా ఘాటు దిగలేదనుకున్నాడతను.

ఆసుపత్రి ముందు బేబి మాత్రం దిగలేకపోయింది. మోకాళ్లు పట్టుకుని సీట్లోనే ముడుచుకుపోయింది. వరహాలరావే ఎత్తుకుని లోపలికి తీసుకువెళ్లాడు.

సెలైన్ ఎక్కిస్తూ నర్సు దెబోరా అడిగింది. "పొద్దున్నుంచి నీళ్లు తాగావా?"

"నేదు మేడమ్. తాగితే దిగాల. రత్నాలప్ప రాలేదు. అందరు మగోళ్ల ముందు బండాపమని నానెలా అడుగుతాను?"

దెబోరా వరహాలరావు వైపు తిరిగింది. "రత్నాలు నెలకొకసారి వస్తే చాలు. ఈ పిల్ల వస్తున్నప్పటి నుంచే ఆవిడా ప్రతి గురువారం వస్తోంది."

వరహాలరావుకు ఒళ్లు మండిపోయింది. ముందు రత్నాలు మీద, చెప్పనందుకు. తర్వాత, ఇన్నేళ్లలో ఆడవాళ్ల కోసం ఎక్కడ ఆపాలో ఒక్కసారీ ఆలోచించని తన మీద. ఆ రెండో కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక, సాయంత్రం నేరుగా రత్నాలు ఇంటికి వెళ్లాడు.

"బేబి గుంటకెలాగుంది?" కబురు అప్పటికే చేరినట్టుంది, గుమ్మంలోనే ఆమె నిలదీసింది.

"నొప్పి తగ్గింది. రేపు పంపిస్తారంట. నాకు ముందే సెప్పొచ్చు కదప్పా."

"ఏటి సెప్పాల? దానికి సిగ్గు. నాకు సిగ్గు నేదని ఊరందరికీ తెలుసు కదా. మళ్లీ వారం నన్నొదిలీసి ఎల్లావంటే సెబుతాను నీ సంగతి."

మరుసటి వారం, ఎవరూ అడగకుండానే, నాలుగో మలుపులో జీపు ఆగింది. సిల్వర్ ఓక్ చెట్ల మధ్య టార్పాలిన్ పట్టా ఒకటి పరదాలా కట్టి ఉంది. మగవాళ్లంతా లోయ వైపు చూడాలని వరహాలరావు హుకుం జారీ చేశాడు. బేబి అందరికన్నా ముందు దిగింది. రత్నాలు కదలలేదు.

"నువ్వు దిగవేటప్పా?"

"నాకిప్పుడు అక్కర్లేదు," అంది రత్నాలు విసుగ్గా. "డాక్టరు పన్నెండుకి ఎల్లిపోతాడు. నీ ఇష్టమొచ్చిన కాడల్లా ఇలా బండాపేస్తే మేం ఆసుపత్రికి సేరేదెప్పుడు?"