అమ్మమ్మ పట్టుచీరకి వస కాపలా

మొన్న మా కోడలు బీరువాలో కలరా ఉండలు వేస్తుంటే ఆ ఘాటుకి వరసగా తుమ్ములొచ్చి వరండాలోకి పారిపోయాను. అక్కడ కూర్చున్నానో లేదో, ఇదే ఖరగ్‌పూర్‌లో మా చిన్నప్పటి రైల్వే క్వార్టరూ, మంచం కింద రేకు ట్రంకుపెట్టే, అందులో అమ్మమ్మ పట్టుచీరా కళ్ళముందు కదిలాయి.

మా అమ్మ పెళ్ళికి ముందే అమ్మమ్మ పోయింది. శ్రీకాకుళం వైపు నుంచి అమ్మ తెచ్చుకున్న జ్ఞాపకమల్లా ఆ ఒక్క చీరే. కట్టుకునేది కాదు, మనసు బాగాలేనప్పుడు పెట్టె తీసి మడతల్లో ముఖం పెట్టుకుని, వాళ్ళమ్మ వాసన ఇంకా ఉందనేది. మాకు బూజు వాసన తప్ప మరేమీ తెలిసేది కాదు గానీ ఆ మాట అనే ధైర్యం ఎవరికుంది!

ఒక వర్షాకాలం ఆ మడతల్లో సన్నటి వెండిరంగు పురుగులు కనిపించాయి. అంచు అప్పటికే జల్లెడయింది. అమ్మ అన్నం ముట్టలేదు. ఎండు వేపాకు వేసినా లాభం లేకపోయేసరికి, గోల్‌బజార్‌లో మాకు చెప్పులు కుట్టే చీనావాళ్ళ ఇల్లాలి దగ్గర గోడు వెళ్ళబోసుకుంది. ఆవిడని మేమంతా చీనా దీదీ అనేవాళ్ళం. ఆవిడ లోపలికెళ్ళి, కర్పూరం చెక్కతో చేసిన పెట్టె తెచ్చి మూత తీసింది. అందులో వాళ్ళ ముత్తాతల నాటి కాగితాలు! ఏదో చెట్టు బెరడు కాచిన రసంలో ముంచి ఆరబెట్టారట, పసుప్పచ్చగా ఉన్నాయి. సముద్రం దాటి, మా బెంగాల్ వానలకీ ఉక్కకీ తట్టుకున్న ఆ పల్చటి కాగితాల మీద ఒక్క చిల్లుంటే ఒట్టు! సిరా నిన్ననే రాసినట్టుంది. అమ్మ వెంట వెళ్ళిన నేను ఆ కాగితాన్ని వేలితో తడిమి చూశాను. ఆ ఆశ్చర్యం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

తమ గుడ్డల్లో, కాగితాల్లో పెట్టేది ఇదేనని, చీర మడతల్లో పెట్టుకోమని దీదీ ఇచ్చిన పొట్లం ఇంటికొచ్చాక విప్పితే ఎండిన దుంపలు. మా నాన్నమ్మ వాసన చూసి, “ఓలమ్మో, ఇది మన వస కాదేటే! నీ పిల్లల నాలిక మీద అరగదీసి రాసినాను కదే!” అని గుండెల మీద చెయ్యేసుకుంది. పసివాళ్ళకి మాటలు బాగా రావాలని మేం నాకించే కొమ్మే, ఎక్కడో చీనాలో గుడ్డలకీ కాగితాలకీ కాపలా కాస్తోందా అని అందరం తెల్లబోయాం.

అమ్మ మాత్రం ఏడుపు మొదలుపెట్టింది. “ఈ ఘాటు పట్టిందంటే మాయమ్మ వాసన పోతాదత్తా!”

“వాసనుంచుకుంటే సీరుండదు. ఏటుంచుకుంటావో నువ్వే సెప్పు” అంది నాన్నమ్మ, మెత్తగానే.

అమ్మ చాలాసేపు చీరలో ముఖం దాచుకుంది. తర్వాత లేచి తన చేత్తోనే మడత మడతకీ వస పెట్టింది. మళ్ళీ పురుగు ఆ చీర జోలికి రాలేదు. నా పెళ్ళికి నేను కట్టుకున్నది అదే.

ఇప్పుడా చెప్పుల దుకాణంలో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు, దీదీ వాళ్ళు ఎటు వెళ్ళారో చెప్పేవాళ్ళు లేరు. అమ్మ పోయాక చీర నా దగ్గరికొచ్చింది. మడతల్లో వస ఘాటు తగ్గిపోయింది, కొత్తది వేయాలి, బజార్లో దొరుకుతుంది కూడా. కానీ ఆ మిగిలిన కాస్త ఘాటే నాకు అమ్మ వాసన. అమ్మ పెట్టిన కొమ్ములు తీసేద్దామంటే చెయ్యి రావడం లేదు.